సెలవు కావాలి సరే, కారణం కూడా చెప్పాలా?

పోయిన నెల ఇదే పేజీలో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కార్డు ఉంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి జీతంతో సెలవు దొరుకుతుందని రెండు వాక్యాలు రాశాను. రెండంటే రెండే. వాటికి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చూశాక ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. బీపీ, షుగర్ ప్రశ్నలు పంపినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి. పేర్లు ఎవరివీ వేయడం లేదు. చాలామంది వద్దన్నారు, అననివాళ్ళవి కూడా వేయకపోవడమే మంచిదనిపించింది.

ప్రశ్న: మేడమ్, నాది అచ్యుతాపురం దగ్గర ఊరు. బట్టల కంపెనీలో మెషిన్ మీద కుడతాను. వయసు 26, ఇద్దరు పిల్లలు, చిన్నోడికి మూడేళ్ళు. ఆపరేషన్ చేయించుకుందామంటే మా సూపర్‌వైజర్ "లైన్ ఆగిపోద్ది, జీతం కట్ అవుద్ది, పండగ సెలవల్లో చేయించుకో" అంటున్నాడు. ఈఎస్ఐలో డబ్బులొస్తాయని మీరు రాశారు కదా, ఎన్ని రోజులకి వస్తాయి, ఎవరిస్తారు? ఇంకోటి, ఏ ఆపరేషనో అతనికి చెప్పాలా? మగాడికి చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి. జ్వరానికో నడుం నొప్పికో సెలవు పెడితే ఈఎస్ఐ జీతంలో 70 శాతం ఇస్తుంది. పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్‌కి మాత్రం నూటికి నూరు. ఆడవాళ్ళకి 14 రోజులు, మగవాళ్ళకి 7 రోజులు. కుట్ల దగ్గర చీము పట్టడం లాంటి ఇబ్బంది ఏదైనా వస్తే డాక్టరు సర్టిఫికెట్ మీద ఆ రోజులు ఇంకా పెరుగుతాయి. ఇది మీ కంపెనీ జేబులోంచి తీసి ఇచ్చే డబ్బు కాదు, మీ జీతంలోంచి 0.75 శాతం, కంపెనీ నుంచి 3.25 శాతం నెలనెలా కట్టించుకుంటోంది చూడండి, ఆ ఈఎస్ఐ కార్పొరేషనే మీ బ్యాంకు ఖాతాలో వేస్తుంది. సూపర్‌వైజర్ చెప్పింది ఆ మేరకు సగం నిజమే. కంపెనీ ఆ రోజులకి జీతం రాయదు, కానీ మీరు నష్టపోరు.

షరతు ఒకటుంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక గడువు, అక్టోబరు నుంచి మార్చి వరకు ఇంకో గడువు. ఒక గడువులో మీకు కనీసం 78 రోజులకి చందా పడి ఉండాలి. ఏప్రిల్-సెప్టెంబరులో పడితే తర్వాతి జనవరి నుంచి జూన్ మధ్య ఆపరేషన్‌కి డబ్బులొస్తాయి. అక్టోబరు-మార్చిలో పడితే జులై నుంచి డిసెంబరు మధ్య. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి మొదటి తొమ్మిది నెలలూ ఈ నగదు రాదు, వైద్యం మాత్రం ఉంటుంది. మీ ఐపీ నంబరుతో (ఈఎస్ఐ కార్డు మీద ఉండే బీమా నంబరు) ఎన్ని రోజుల చందా పడిందో చూపించమని డిస్పెన్సరీలోనో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులోనో అడగండి, అది తేలాకే ఆపరేషన్‌కి తేదీ పెట్టుకోండి. ఎక్కడ చేయించుకోవాలన్నది కూడా ముందే డిస్పెన్సరీ డాక్టరుతో మాట్లాడుకోండి. ఇంటికి దగ్గరని ఏదో నర్సింగ్ హోమ్‌లో చేయించుకుని, తర్వాత కాగితం కోసం ఇక్కడికీ అక్కడికీ తిరిగినవాళ్ళని నా ఈఎస్ఐ డిస్పెన్సరీ సర్వీసులో వందల్లో చూశాను.

కాన్పుతో పాటే ఆపరేషన్ అయితే లెక్క వేరు. ప్రసూతి సెలవు డబ్బు ఎలాగూ వస్తుంటుంది కాబట్టి అవే రోజులకి రెండోసారి ఇవ్వరు.

ఈఎస్ఐ పరిమితి, అంటే నెలకి 21,000, దాటి జీతం వచ్చే ఆడవాళ్ళు మాకేం లేదా అని అడుగుతారు. వాళ్ళకి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఉండేది, 2025 నవంబరు నుంచి దాని చోట కొత్త సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ట్యూబెక్టమీ (ఆడవాళ్ళకి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయిన మర్నాటి నుంచి రెండు వారాలు జీతంతో సెలవు, అది యజమానే ఇవ్వాలి. చట్టం మారినా ఆ మాట అలాగే ఉంది. చాలా కంపెనీల హెచ్ఆర్ పుస్తకాల్లో 26 వారాల ప్రసూతి సెలవు గురించి పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఈ రెండు వారాలు ఎక్కడా కనిపించవు. అడిగితే ఇస్తారు. అడగాలని తెలియాలి కదా.

ఇప్పుడు సిగ్గు సంగతి. చెప్పక్కర్లేదు. సూపర్‌వైజర్‌కి కావాల్సింది ఏ రోజు నుంచి ఏ రోజు వరకు రారు అన్నదొక్కటే. సర్టిఫికెట్ హెచ్ఆర్‌కో టైమ్ ఆఫీసుకో నేరుగా ఇవ్వండి, కవర్లో పెట్టి. "డాక్టరు రెస్ట్ రాశారు" అన్నంత వరకు చెప్తే చాలు. ఈఎస్ఐ నుంచి అనారోగ్య భత్యం తీసుకుంటున్న రోజుల్లో మిమ్మల్ని తీసేయడానికీ శిక్షించడానికీ వీల్లేదని పాత ఈఎస్ఐ చట్టంలోనే 73వ సెక్షన్ ఉండేది. ఆ చట్టం 2025 నవంబరులో కొత్త కోడ్‌లో కలిసింది, ఇప్పటి సెక్షన్ నంబరు బ్రాంచి ఆఫీసులో అడిగి పెట్టుకోండి, వాడే అవసరం రాకపోవచ్చు గానీ నంబరు చెప్తే కొందరు గొంతు తగ్గిస్తారు.

అడగనిది ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మీకు 26. ఆపరేషన్ ఒక్కటే దారి అని ఎవరన్నారు? కాపర్-టి 380ఏ వేయించుకుంటే పదేళ్ళు పనిచేస్తుంది, కోత లేదు, కుట్లు లేవు, వద్దనుకున్నప్పుడు తీయించేసుకోవచ్చు. మీ ఆయనకి కూడా ఈఎస్ఐ ఉంటే ఆ 7 రోజుల సెలవు ఆయనా వాడుకోవచ్చు. ఆంధ్రలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి ఆపరేషన్ అయిపోయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది, మగవాళ్ళ లెక్క ఒక శాతం కూడా లేదు. నేను మిమ్మల్ని ఆపడం లేదు. నాలుగు దారులు చూపించి, ఇది కావాలి అని మీ నోటితో మీరు అంటే అప్పుడు సరే.

ప్రశ్న: నేను హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్యాక్టరీలో హెచ్ఆర్ చూస్తాను. 1,100 మంది ఉంటారు, సగం మంది ఆడవాళ్ళు. మేనేజ్‌మెంట్ ఈ ఏడాది సామాజిక బాధ్యత కింద ఫ్యామిలీ ప్లానింగ్ క్యాంపు పెడదామంటోంది. ఒక ప్రైవేటు ఆసుపత్రి ముందుకొచ్చింది, ఆపరేషన్లు మా ఆవరణలోనే చేస్తామంటున్నారు. చేయించుకున్నవాళ్ళకి గిఫ్ట్ ఇద్దామని మా ఎండీ గారి ఆలోచన. మీ సలహా?

జవాబు: వద్దు బాబూ. ఆవరణలో ఆపరేషన్లూ వద్దు, గిఫ్టూ వద్దు. ఎందుకో కాస్త పొడుగ్గానే చెప్తాను.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర, వాడకంలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో, ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకి ట్యూబెక్టమీ చేశారు. ఆ వారం అక్కడి క్యాంపుల్లో ఆపరేషన్ అయినవాళ్ళలో 13 మంది చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపుల పద్ధతే మూడేళ్ళలో మానుకోమని చెప్పింది. మీ ఎండీ గారికి ఈ రెండు సంగతులు చెప్పండి, క్యాంపు మాట మళ్ళీ ఎత్తరు.

గిఫ్ట్ దగ్గరకొస్తే, దీనికి పాత చరిత్ర ఉంది. యజమానులు కుటుంబ నియంత్రణలోకి రావడం మన దేశంలో కొత్త కాదు. 1971లో నీలగిరి తేయాకు తోటల్లో, దక్షిణ భారత ప్లాంటర్ల సంఘం ఆధ్వర్యంలో, పిల్లల్ని కనే వయసున్న ఒక్కో కూలి మహిళ పేరు మీద ముసలితనంలో చేతికొచ్చేలా నెలకి 5 రూపాయలు జమ చేస్తూ పోయారు. ఇద్దరు దాటి కంటే ఆ జమలోంచి కోత పడుతుంది. తోట ఆసుపత్రిలో సలహా, సరుకు, వైద్యం అన్నీ ఉండేవి, అది మంచిదే. కానీ ఆలోచించండి, ఎంతమందిని కనాలన్నదానికీ నీ ముసలితనపు డబ్బుకీ యజమాని ముడి పెట్టాడు. ఆ తర్వాత నాలుగేళ్ళకే ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకి పైగా ఆపరేషన్లు, వాటిలో ఎక్కువ భాగం మగవాళ్ళవి. టీచర్లకి కోటాలు, ఆపరేషన్‌కి మనుషుల్ని తేకపోతే జీతాలు ఆపడాలు. మగవాళ్ళు వేసెక్టమీ (మగవాళ్ళకి చేసే ఆపరేషన్) పేరెత్తితే ఇప్పటికీ మొహం తిప్పుకోవడానికి ఆ ఏడాది ఒక కారణం. జీతం ఇచ్చే చెయ్యే ఆపరేషన్‌కి పంపితే అవతలివాడు ఒప్పుకున్నాడో భయపడ్డాడో ఎవరికీ తెలియదు.

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది, చెప్పుకుంటే నయం. ఈఎస్ఐ డిస్పెన్సరీలో నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక కంపెనీవాళ్ళు ఆ ఏడాది ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళందరినీ వార్షికోత్సవంలో స్టేజీ మీదకి పిలిచి స్టీలు టిఫిన్ క్యారియర్లు ఇచ్చారు. నా చేతే ఇప్పించారు. నేను నవ్వుతూ ఫోటో కూడా దిగాను. వారం తర్వాత ఒకమ్మాయి డిస్పెన్సరీకి వచ్చి, అత్తగారికి చెప్పకుండా చేయించుకున్నానండీ, క్యారియర్ చూసి అడిగింది, ఇంట్లోంచి పొమ్మంటున్నారు అని ఏడ్చింది. ఆ అమ్మాయికి నేనేం చేయగలిగాను? ఏమీ లేదు.

అలాగని మానేయమనడం లేదు, మీరు చేయగలిగింది చాలా ఉంది. 500 మంది దాటిన ఫ్యాక్టరీలో అంబులెన్స్ రూమ్, అందులో వైద్య సిబ్బంది ఉండాలని చట్టమే చెప్తోంది, కాబట్టి గది మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఆ గదికి తలుపు వేసుకునే వీలు ఉందో లేదో ముందు చూడండి (నవ్వకండి, చాలా చోట్ల కర్టెన్ ఒకటే ఉంటుంది, అటు పక్క బీపీ చూపించుకునే వాళ్ళకి అన్నీ వినిపిస్తాయి). దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంతో మాట్లాడుకుంటే నిరోధ్ కండోమ్‌లు, మాలా-ఎన్, ఛాయ గర్భనిరోధక మాత్రలు ఉచితంగా వస్తాయి. ఛాయ మొదటి మూడు నెలలూ వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి రోజూ మాత్ర గుర్తుండదు, ఇది నప్పుతుంది. గర్భం రాకుండా ఇచ్చే అంతర సూది మూడు నెలలకొకసారి, మొదటిది డాక్టరు చూశాకే. మీ నర్సుకి ఇవన్నీ చెప్పడం నేర్పించండి. కండోమ్ పెట్టె బాత్‌రూమ్‌లో పెట్టండి, మగవాళ్ళ వైపూ ఆడవాళ్ళ వైపూ కూడా, ఎవరు తీసుకున్నారో రాసే పుస్తకం లేకుండా. ఈ సరుకు అమ్మడంలో ప్రైవేటువాళ్ళకి సిగ్గు ఎప్పుడూ లేదు లెండి. 1968లో నిరోధ్ మూడు 15 పైసలకి అమ్మినప్పుడు ఊరూరా చేర్చింది బ్రూక్ బాండ్, లిప్టన్, హిందుస్థాన్ లీవర్, యూనియన్ కార్బైడ్ లాంటి కంపెనీల సరుకు బళ్ళే. టీ పొడి వెళ్ళే ప్రతి కిళ్ళీ కొట్టుకీ అదీ వెళ్ళింది. ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుని అడగలేని మగాడు కొట్టులో చిల్లర పడేసి తీసుకుపోయాడు, అతని పేరు ఎవరూ అడగలేదు. ప్రభుత్వ ఆసుపత్రి ఇవ్వలేనిదీ కొట్టు ఇచ్చిందీ ఆ అడగకపోవడమే.

ఆపరేషన్ కావాలన్నవాళ్ళని ఆసుపత్రికే పంపండి, పోయి రావడానికి పని గంటల్లో టైమివ్వండి, జీతం కోయకండి. ఆ ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ గుర్తింపు ఉన్నదో కాదో కనుక్కోండి, గుర్తింపు ఉంటే ఆపరేషన్ విఫలమైనా ప్రాణం మీదకొచ్చినా ప్రభుత్వ పరిహార పథకం వర్తిస్తుంది, లేకపోతే మీరూ వాళ్ళూ కోర్టులో చూసుకోవాలి. టార్గెట్ పెట్టొద్దు. నెలకి ఎంతమంది అయ్యారని మీ బోర్డు అడిగితే సంఖ్య ఒక్కటే ఇవ్వండి, పేర్లు అడిగితే నా దగ్గర లేవనండి. నిజంగానే మీ దగ్గర ఉండకూడదు, నర్సు దగ్గరే ఉండాలి.

ప్రశ్న: గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, ఇక చాలు అనుకున్నాం. రెండు సిజేరియన్లు అయిన నా భార్యకి మళ్ళీ కోత ఎందుకని నేనే వేసెక్టమీ చేయించుకుందామని డిసైడ్ అయ్యాను. కంపెనీ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ అడిగితే కవర్ కాదన్నారు. పది లక్షల పాలసీ, పావుగంట ఆపరేషన్ కవర్ చేయరా? సెలవు కూడా ఏం పెట్టాలో తెలియడం లేదు, మేనేజర్‌కి చెప్తే టీమ్ మొత్తం జోకులేస్తారు.

జవాబు: శభాష్ తమ్ముడూ. మీలాంటి ఉత్తరం నాకు ఏడాదికొకటి వస్తే గొప్ప.

ఇన్సూరెన్స్‌వాళ్ళు కావాలని మిమ్మల్ని తిప్పడం లేదు. మన దేశంలో ఆరోగ్య పాలసీలన్నిటికీ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే రకం మినహాయింపుల జాబితా ఇచ్చింది, అందులో 17వది సంతాన నిరోధం, స్టెరిలైజేషన్, సంతానలేమి చికిత్స. పాలసీ కాగితంలో ఎక్స్‌క్లూజన్ 17 అని వెతకండి. అయితే గ్రూపు పాలసీలో కంపెనీ ప్రీమియం కట్టి కొన్ని మినహాయింపులు తీయించుకోవచ్చు, ప్రసూతి ఖర్చు కవర్ అయ్యేది అలాగే. ప్రసూతికి కట్టే కంపెనీ దీనికి కట్టడం పెద్ద భారమేం కాదు, రెన్యువల్ నెలలో హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. మీ కోసం కాకపోయినా వెనకాల వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. ఈలోగా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు, పైగా పారితోషికం ఇస్తారు. అక్కడ రోజూ చేసి చేసి చెయ్యి తిరిగిన సర్జన్ దొరికితే కార్పొరేట్ ఆసుపత్రి కంటే నయం.

సెలవు విషయంలో ప్రైవేటు ఉద్యోగి మగవాడికి ఈఎస్ఐ బయట చట్టం ఏమీ ఇవ్వలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే ప్రత్యేక క్యాజువల్ లీవ్ ఉంది. మీరు సిక్ లీవ్ పెట్టుకోండి, కారణం "చిన్న ప్రొసీజర్" అని రాస్తే అబద్ధమూ కాదు. కోత లేని పద్ధతిలో మత్తు ఆ చోటు వరకే ఇస్తారు, రెండు రోజులు ఇంట్లో కూర్చుంటే చాలు, వారం పాటు బరువులు, జిమ్, సైకిల్ వద్దు. శుక్రవారం చేయించుకుంటే సోమవారం ల్యాప్‌టాప్ ముందు ఉంటారు.

అసలు జాగ్రత్త ఒకటుంది. ఆపరేషన్ అయిన రోజు నుంచే పనిచేయదు. మూడు నెలలు కండోమ్ వాడి, తర్వాత వీర్య పరీక్ష చేయించుకుని, కణాలు లేవని రిపోర్టు చేతికొచ్చాకే మానాలి. "ఆపరేషన్ ఫెయిలైంది" అని వచ్చే గొడవల్లో చాలావరకు ఈ మూడు నెలల్లో వచ్చినవే, పాపం ఆ భార్యల మీద లేనిపోని అనుమానాలు కూడా.

ప్రశ్న: నాకు 21. పెళ్ళి కాలేదు. కాంట్రాక్టర్ ద్వారా ఒక కంపెనీలో చేరుతుంటే రక్తపరీక్షతో పాటు మూత్ర పరీక్ష చేశారు, అది గర్భం పరీక్ష అని తర్వాత తెలిసింది. ఫారంలో ఆఖరి నెలసరి తేదీ కూడా రాయమన్నారు. ఇలా అడగొచ్చా?

జవాబు: అడగకూడదు. 1991లోనే సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటిదే వచ్చింది. ఎల్ఐసీలో చేరిన ఒకామె నెలసరి వివరాలు దాచిందని ఉద్యోగంలోంచి తీసేశారు, కోర్టు ఆమెని తిరిగి తీసుకోమంది, ఫారంలోంచి ఆ ప్రశ్నలే తీసేయమంది. అంతకు పదేళ్ళ ముందు, 1981లో, ఎయిర్ హోస్టెస్‌కి మొదటి గర్భం రాగానే ఉద్యోగం పోతుందన్న ఎయిరిండియా నిబంధననీ అదే కోర్టు కొట్టేసింది. అవి పెద్ద సంస్థలు కాబట్టి కేసులయ్యాయి. కాంట్రాక్టర్ల దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది.

మీ ఉత్తరం చదివాక నాకు మహారాష్ట్రలోని బీడ్ జిల్లా గుర్తొచ్చింది. చెరకు కోతకి వెళ్ళే ఆడవాళ్ళు ఒక రోజు మానితే ముఠా మేస్త్రీ జరిమానా వేస్తాడు, నెలసరి నొప్పికీ సెలవు లేదు. 2019లో అక్కడి ప్రభుత్వ కమిటీ 82 వేల మందిని విచారిస్తే 13 వేల పైచిలుకు మందికి గర్భసంచి తీసేసి ఉంది. చేసినవి ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రులే. మనం వేలెత్తి చూపే స్థితిలో లేం, దేశంలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళ శాతం ఎక్కువగా ఉన్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే. యజమాని సెలవు ఇవ్వడు, ప్రైవేటు డాక్టరుకి ఆపరేషన్ కావాలి, మధ్యలో ఆడమనిషికి నొప్పి. ఈ ముగ్గురూ కలిస్తే ఏమవుతుందో బీడ్ చూపించింది.

మీరు చేయాల్సింది: ఆ ఫారం మళ్ళీ ఇస్తే ఆ గడి ఖాళీగా వదిలేయండి. కాంట్రాక్టర్ దగ్గరున్నా మీ ఈఎస్ఐ చందా బాధ్యత అసలు కంపెనీదే, నంబరు వచ్చిందో లేదో చూసుకోండి. ఎప్పుడైనా డాక్టరు సాయం కావాల్సి వస్తే పెళ్ళి కాలేదని వెనక్కి తగ్గొద్దు. గర్భవిచ్ఛిత్తి చట్టం 2021లో మారింది, పెళ్ళయిందా లేదా అన్న తేడా ఉండకూడదని 2022లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఆ డాక్టరు మీ పేరు బయటపెడితే జైలు శిక్ష దాకా ఉంది.

ప్రశ్న: ట్యూబెక్టమీకి వెళితే నర్సింగ్ హోమ్‌లో భర్త సంతకం లేనిదే చేయమన్నారు. ఆయన దుబాయ్‌లో ఉన్నారు. నిజంగా కావాలా?

జవాబు: అక్కర్లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ ప్రమాణాల్లో భార్యాభర్తల్లో ఎవరు చేయించుకుంటే వాళ్ళ సంతకం చాలు అని రాసి ఉంది. నర్సింగ్ హోమ్‌వాళ్ళు రేపు ఆయన వచ్చి గొడవ చేస్తాడని భయపడి అడుగుతారు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. ఆయనకి ఫోన్‌లో చెప్పడం మానడం మీ ఇద్దరి మధ్య విషయం.

ప్రశ్న: డల్లాస్ నుంచి రాస్తున్నాను. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లో నేను డిపెండెంట్‌ని. ఐయూడీ (కాపర్-టి లాంటిది) వేయించుకుందామనుకుంటే ఫ్రీ అన్నారు, నమ్మలేకపోయాను. ఇంకో ఫ్రెండ్‌కి మాత్రం వాళ్ళ కంపెనీలో కవర్ కాదట. ఎందుకు?

జవాబు: అక్కడ 2012 నుంచి చాలా పాలసీల్లో ఆడవాళ్ళ గర్భనిరోధక పద్ధతులకి పైసా తీసుకోకూడదని చట్టం. ఆపరేషన్ కూడా అందులోనే వస్తుంది, మగవాళ్ళ వేసెక్టమీ మాత్రం ఆ కేంద్ర చట్టంలో లేదు. అక్కడా అదే కథ చూడండి. మీ స్నేహితురాలి సంగతికొస్తే, మా మత విశ్వాసానికి విరుద్ధం అన్న యజమానులకి మినహాయింపు ఉంది. 2014లో హాబీ లాబీ అనే దుకాణాల సంస్థ సుప్రీంకోర్టులో గెలిచింది, తర్వాత ఆ మినహాయింపు ఇంకా వెడల్పయింది. వాళ్ళ కంపెనీ అలాంటిదేనేమో, పాలసీ పుస్తకం చూడమనండి. ఇంకోటి, ఏ సేవ తీసుకున్నా దాని వివరాల కాగితం పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఇంటికి వెళుతుంది. వద్దనుకుంటే వేరే చిరునామాకి పంపమని ఇన్సూరెన్స్ కంపెనీని అడగొచ్చు. మీకు అవసరం లేకపోవచ్చు, ఈ పేజీ చదివే ఇంకెవరికైనా ఉండొచ్చు.

ప్రశ్న: మాది మండల కేంద్రంలో మెడికల్ షాపు. సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు ఆగాక అమ్మాయిలు వచ్చి అత్యవసర గర్భనిరోధక మాత్ర అడుగుతారు. కొందరు నెలకి రెండు మూడుసార్లు. ఇవ్వాలా వద్దా? మా నాన్నగారు పెళ్ళయిందా అని అడిగి ఇవ్వమంటారు.

జవాబు: నాన్నగారికి నా నమస్కారం చెప్పి, కౌంటర్ మీరు చూసుకోండి. ఆ మాత్ర చీటీ లేకుండా అమ్మొచ్చు. కలిసిన 72 గంటల లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అందుకే మీరు ప్రశ్నలతో గంట ఆలస్యం చేయడం, ఆ అమ్మాయి సిగ్గుపడి రేపు వస్తానని వెళ్ళిపోవడం, రెండూ ఆమెకే నష్టం. అది అబార్షన్ మాత్ర కాదు, అప్పటికే గర్భం నిలిస్తే ఏమీ చేయదు. అబార్షన్ కిట్ వేరు, అది డాక్టరు చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వకండి, ఎంత బతిమాలినా.

నెలకి మూడుసార్లు వచ్చే అమ్మాయికి మాత్రం ఒక మాట చెప్పాలి, పక్కన వేరే కస్టమర్ లేనప్పుడు. "ఇది రోజువారీకి కాదమ్మా, నెలసరి తేదీలు అటూ ఇటూ అవుతాయి, వారానికొకటి వేసుకునే మాత్ర ఉంది, ఒకసారి ఆశా కార్యకర్తనో డాక్టరునో అడుగు" అంటే చాలు. వారం మాత్ర సహేలీ పేరుతో మీ షాపులోనే దొరుకుతుంది, లక్నోలోని మన సీడీఆర్ఐ (కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ) తయారుచేసిన మందు, హార్మోన్లు లేనిది. ఆరోగ్య కేంద్రంలో అదే ఛాయ పేరుతో ఉచితంగా ఇస్తారని కూడా చెప్పండి, మీకు ఒక గిరాకీ తగ్గినా ఫర్వాలేదనుకుంటే.

మాత్ర ఇచ్చేటప్పుడు న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తారు కదా, నల్ల కవర్లో మాత్రం వేయకండి. మీ మండల కేంద్రంలో నల్ల కవర్ అంటే ఏమిటో బస్టాండ్‌లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. మిగతా మందులు ఏ కవర్లో ఇస్తారో ఇదీ అందులోనే ఇవ్వండి.